ఇసుక పొర

మూడో ఇటుక బయటపడేసరికి హెప్సిబా తాపీ పక్కన పెట్టి, బ్రష్షుతో దాని ముఖం మీది మట్టి దులిపింది. నడిమధ్య రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఏదో బట్టీ ముద్ర, తేటగా కనబడుతున్నాయి. గట్టు మీద గొంతుక్కూర్చున్న సింగయ్య ఆమె మొహం చూసి అడిగాడు.

"ఏంటమ్మా, పాతదేనా?"

"బట్టీ ఇటుక బాబాయ్. మరీ పాతదేం కాదు."

"ఈ గుడి మా నాయన కట్టించిందేగా మరి! అంతకుముందుది తుఫానుకు పోయింది. దాని ముందుదీ అంతే. ఇంకా లోపలికి తవ్వండమ్మా, ఉంటది."

హెప్సిబా తల ఊపింది. ఊపుతూనే ఇటుక పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసింది. తీయక తప్పదు.

రేపల్లె నుంచి ఆటోలో దక్షిణానికి పోగా పోగా, రొయ్యల చెరువులు అయిపోయి ఉప్పునేల మొదలయ్యేచోట ఉంది దిబ్బపాలెం. చేపలు పట్టే పల్లెకారుల ఇళ్ళన్నీ దిబ్బ చుట్టూ, దిబ్బ మీద గంగమ్మ గుడి. గుడంటే నాలుగు గోడలు, రేకుల కప్పు, లోపల పసుపు పూసిన మోకాలెత్తు రాయి. ఆ గుడి వాకిట్లోనే సర్వేవాళ్ళు ఎర్రరంగు పూసిన కొయ్యలు పాతి పోయారు. అవతల కడుతున్న రొయ్యల ఫ్యాక్టరీకి రోడ్డు అటుగానే పోవాలట. పాలెం అంతా కదిలి వెళ్ళి సర్కారు ఆఫీసు ముందు ఎండలో బైఠాయిస్తే, గుడి నిజంగా ప్రాచీనమైందని తేలితే రోడ్డు పక్కకు జరుపుతామని పై అధికారి ఒకాయన మాట ఇచ్చాడు. తేల్చే పని తెనాలిలోని చరిత్ర పరిశోధన కేంద్రానికి అప్పజెప్పారు. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న హెప్సిబా, ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చి, గుడి గోడ వారగా దారం కట్టి గొయ్యి మొదలుపెట్టింది.

"ఇంతకీ మీవాళ్ళు చెప్పుకునే ఆ ఉప్పెన ఎప్పటిది బాబాయ్? డెబ్భై ఏడులో వచ్చిందా?"

"అది నేను కళ్ళారా చూశా. అది కాదు. దానికి తాత." సింగయ్య సముద్రం వైపు చెయ్యి చాపాడు. "మా తాతకు వాళ్ళ తాత చెప్పింది. ఊరంతా కింద ఉండేదంట. పొద్దుగూకే వేళ నీళ్ళు లేచినయ్యి. దిబ్బెక్కి అమ్మను కావిలించుకున్నోళ్ళే మిగిలారు. ఆ మిగిలినోళ్ళ బిడ్డలమే మేమంతా."

సింగయ్య భార్య వెంకటసుబ్బులు చెంబుతో మజ్జిగ తెచ్చింది. గొయ్యిలోకి ఒకసారి తొంగిచూసి, గుడి వైపు తిరిగి లెంపలేసుకుంది.

"అమ్మ కాళ్ళ కింద తవ్వుతున్నాం గదా, కోపమొచ్చిద్దేమోనని భయంగా ఉంది తల్లీ. మీకు మా దేవుళ్ళు లేరు గదా, మీకేం కాదులే."

హెప్సిబా నవ్వి మజ్జిగ తాగింది.

*

బాపట్లలో ఇల్లు చేరేసరికి తండ్రి సంజీవరావు వరండాలో లాప్‌టాప్ ముందు ఉన్నాడు. లూథరన్ స్కూల్లో ఎన్నో ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు చర్చిల్లో తెర కట్టి, బొమ్మలు చూపిస్తూ, తవ్వకాల్లో దొరికినవన్నీ బైబిలుకు సాక్ష్యమని చెబుతుంటాడు. ఆదివారం యువజనుల కూటంలో చెప్పబోయేది, యెహోషువ దండు కేకలకు కూలాయని బైబిలు చెప్పే యెరికో గోడల సంగతి.

"ఈ బొమ్మ కింద ఏం రాయమంటావు? 'గోడలు దొరికాయి' అని రాస్తే చాలుగా?"

హెప్సిబా కాళ్ళు కడుక్కుని వచ్చి తెర వైపు చూసింది.

"గోడలు దొరికిన మాట నిజమే నాన్నా. కానీ యెహోషువ వచ్చేనాటికే అవి ఎప్పుడో కూలిపోయి ఉన్నాయని తవ్వినవాళ్ళలో ఎక్కువమంది అంటారు."

"ఎక్కువమంది. అందరూ కాదుగా."

"అందరూ కాదు."

"దొరకనంత మాత్రాన లేనట్టు కాదు. నువ్వే చెప్పావు ఆ మాట."

"చెప్పాను. దొరకనిదాన్ని దొరికిందని చెప్పమనలేదు."

సంజీవరావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కూతురి చదువంటే ఆయనకు గర్వం. ప్రతి సభలోనూ 'మా అమ్మాయి పురావస్తు శాస్త్రం చదివింది' అనే మొదలుపెడతాడు. ఆ చదువు ఇంట్లో నోరు తెరిస్తే మాత్రం ఓర్చుకోలేడు.

"వాళ్ళ గంగమ్మ గుడి తవ్వుతున్నావుగా. అక్కడ ఏం దొరికింది?"

"ఇటుకలు."

"అవే ఉంటాయి. కట్టుకథలకు ఇటుకలే దొరుకుతాయి," అని ఆయన లాప్‌టాప్ మూసి, అన్నానికి లేచాడు.

*

మర్నాడు పునాది దాటి కిందికి దిగారు. నల్లమట్టి పొర, అందులో కుండపెంకులు, చేపముళ్ళు. మధ్యాహ్నం ఎండ దిగుతుండగా తాపీ చేతిలో తేలికైపోయింది. మట్టి రంగు మారింది. హెప్సిబా కూలీలను ఆగమని, తానే మోకాళ్ళ మీద కూర్చుని గీకింది. తెల్లటి సముద్రపు ఇసుక. విరిగిన గుల్లలు, చిల్లుపడ్డ గవ్వలు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా జానెడు మందాన, చాప పరిచినట్టు ఒకే పొర. కిందా పైనా మనుషులు బతికిన నల్లమట్టి, నడుమ మనిషి జాడే లేని తెలుపు.

ఇసుకను కొంచెం కొంచెంగా బ్రష్షుతో తోసింది. కింద మూడు రాళ్ళ పొయ్యి. పొయ్యి మీద కుండ. పక్కకు ఒరిగింది గానీ పగల్లేదు. మెడ దాకా ఇసుకే.

"బాబాయ్, పిన్నిని పిలువు," అంది. ఎందుకలా అన్నదో ఆమెకే తెలియదు.

వెంకటసుబ్బులు వచ్చింది, వెనకాల పాలెంలో సగం మంది వచ్చారు. వెంకటసుబ్బులు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గొయ్యిలోకి దిగింది. కుండను ముట్టుకోబోయి హెప్సిబా వైపు చూసింది. హెప్సిబా సరేనన్నట్టు తల ఊపాక, వేలి కొసతో అంచు తడిమింది.

"వండుతా ఉండగా వచ్చిందన్నమాట."

"అవును పిన్నీ."

"ఏం వండిందో తెలుస్తదా?"

"తెలియదు. అడుగున మసేమైనా ఉంటే పరీక్షకు పంపిస్తాం."

"పాపం," అంది వెంకటసుబ్బులు, పక్కింటి మనిషి గురించి అన్నట్టు. "పొయ్యి కూడా ఆర్పుకోలేదు."

సింగయ్య గట్టు మీద నిలబడి తువ్వాలుతో మొహం ఒత్తుకుంటున్నాడు. "మేం చెప్తే నవ్వారమ్మా ఆఫీసులో. ముసలోళ్ళ కబుర్లన్నారు. ఇప్పుడు రాయండి మీరు. ఉప్పెన నిజమని రాయండి."

"రాస్తాను బాబాయ్."

గాజుసీసాలో ఇసుక నింపి, మూతకు చీటీ అంటించి, ఊరి పేరూ పొర లోతూ రాసుకుంది. కుండను గుడ్డల్లో చుట్టింది. రైల్లో తెనాలి దాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకు కూర్చుంది. ఇన్నేళ్ళ పనిలో, ఒక ఊరివాళ్ళు చెప్పుకునే మాటా నేలలో ఉన్న గుర్తూ ఒకచోట కలవడం ఆమె చూడ్డం ఇదే మొదటిసారి.

*

పరిశోధన కేంద్రం డైరెక్టరు బసవేశ్వరరావు కుండను చూసి లేచి నిలబడ్డాడు. సీసాను కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "అద్భుతం, హెప్సిబా," అన్నాడు. ఆ సంతోషం నటన కాదు. ఆయనా ఒకప్పుడు ఎండలో గోతులు తవ్వినవాడే.

తర్వాత కూర్చుని, రిపోర్టు కాయితాలు తిరగేసి, మూడో పేజీ దగ్గర ఆగాడు.

"ఈ ఇసుక గొడవంతా ఇందులో ఎందుకు?"

"అదే కదండీ అసలు సంగతి."

"వాళ్ళు మనల్ని అడిగిందేంటి? గుడి ప్రాచీనమా కాదా అని. గుడి ఇసుక మీదుందా, కిందుందా?"

"మీద."

"బట్టీ ఇటుకలతో."

"ఇప్పుడున్నది అంతే సార్. అక్కడ గుడి పోవడం, మళ్ళీ కట్టుకోవడం వాళ్ళకు మామూలు. ఉప్పెనకు ముందు కూడా అక్కడేదో ఉండొచ్చు. ఆ రాయి కింద తవ్వలేదు మనం."

"ఉండొచ్చు అని రాస్తే ఫ్యాక్టరీవాళ్ళు ఊరుకుంటారా? దొరికినంతవరకే రాసివ్వు. దొరకంది రాయకు."

హెప్సిబా అంది, "పోయిన నెల మునేశ్వరస్వామి గుడికి మనం గొయ్యే తవ్వలేదు. యుగాలనాటి క్షేత్రమని రాసిచ్చాం."

తెనాలి కాలవ గట్టు మీది ఆ గుడికి ట్రస్టు పెద్ద బ్రహ్మానందం అనే ఆయన. ఊళ్ళో రెండు రైసు మిల్లులు ఆయనవే, ఈ కేంద్రం భవనం ఆయన ఇచ్చిందే. లోకమంతా మునిగినప్పుడు సముద్రం ముని పాదాల దాకా వచ్చి ఆగిందని అక్కడి స్థలపురాణం. ఆ కాయితం టైపు చేసింది హెప్సిబానే.

"స్థలపురాణం ప్రకారం అని రాశాం," అన్నాడు బసవేశ్వరరావు నెమ్మదిగా. "అది సంప్రదాయం. ఇది ఎంక్వయిరీ."

"దిబ్బపాలెం వాళ్ళది సంప్రదాయం కాదా సార్?"

ఆయన సీసాను బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఈ పొర మీద నువ్వొక పెద్ద వ్యాసం రాయాలి. నీ పేరు ముందు, నా పేరు వెనక. ఇసుక కాలం తేల్చడానికి లాబుకు నేను పంపిస్తాను. దీన్ని తీసుకెళ్ళి రోడ్డు తగాదా ఫైల్లో పారేస్తే ఎవరు చదువుతారు? రేపు ఫ్యాక్టరీ లాయరు దీని మీద ఉమ్మేస్తాడు. నీ పనిని నువ్వే పాడుచేసుకుంటావా?"

ఆ మాటల్లో నిజం ఉంది. అదే ఆమెను లొంగదీసింది. వ్యాసం ముందు తన పేరు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్ళకు కట్టింది కూడా. మూడో పేజీ తీసేసిన రిపోర్టు టైపై వచ్చింది. 'ప్రస్తుత కట్టడానికి ప్రాచీనత లేదు.' ఏ అక్షరమూ అబద్ధం కాదు. హెప్సిబా సంతకం పెట్టింది.

*

గొయ్యి పూడ్పించడానికి వెళ్ళిన రోజున దిబ్బపాలెంలో జేసీబీ అప్పటికే దిబ్బ ఎక్కుతోంది. పోలీసులు ఇద్దరు వేపచెట్టు నీడన నిలబడి ఉన్నారు. వాళ్ళకు చేసే పనేం లేదు, ఎవరూ అడ్డం పడలేదు. పాలెం మగవాళ్ళు గుడిలోంచి రాయిని పెకలించి, పాత వలలో వేసి, నలుగురు నాలుగు కొసలూ పట్టుకుని కిందికి దింపుతున్నారు. పసుపు వల కన్నాల్లోంచి రాలుతోంది.

సింగయ్య హెప్సిబాను చూసి ఆగాడు.

"ఉప్పెన సంగతి రాశారామ్మా?"

"రాశాను బాబాయ్. వాళ్ళు..." ఆ మాట పూర్తికాలేదు. రాసింది నిజమే, తీసేయడానికి ఒప్పుకుందీ నిజమే. "ఆ పేజీ పంపలేదు."

"ఎవరు?"

"నేనే. సంతకం నాదే."

సింగయ్య తిట్టలేదు. కాసేపు ఆమె వైపే చూసి, వల కొస భుజం మీదికి మార్చుకున్నాడు. "ఇటుకలు చూసి రాశారన్నమాట," అని నడిచిపోయాడు. వెంకటసుబ్బులు ఆ రోజు మజ్జిగ తేలేదు. జేసీబీ తొట్టి ఒక్క పోటు పొడిచేసరికి గోడతో పాటు హెప్సిబా కట్టిన దారం కూడా తెగి మట్టిలో కలిసింది. తెల్ల ఇసుక ఒక్కసారి ఎండలో మెరిసి, లారీలోకి పోయింది. ఆ మట్టినే అటు రోడ్డుకు పోశారు.

*

శుక్రవారం బసవేశ్వరరావు ఫోన్ చేశాడు. సాయంత్రం మునేశ్వరస్వామి గుడి మండపంలో సభ, తప్పకుండా రావాలి, నీకు సన్మానం అన్నాడు. దేనికని అడిగితే, వచ్చాక చూద్దువుగానీ అన్నాడు.

మండపం నిండా జనం. విలేకరులు ముందు వరసలో ఉన్నారు. వేదిక మీద ఎర్ర పట్టుగుడ్డ పరిచిన పీట, పీట మీద గాజుసీసా, సీసా మెడకు బంతిపూల దండ. హెప్సిబా మెట్లెక్కుతూనే దాన్ని గుర్తుపట్టింది. మూతకు తను అంటించిన చీటీ గీకేశారు, జిగురు మరక మాత్రం మిగిలింది.

బసవేశ్వరరావు మైకు పట్టుకుని, సముద్రం ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ముంచెత్తిందనడానికి తిరుగులేని శాస్త్రీయ ఆధారం దొరికిందని చెబుతున్నాడు. ఎక్కడ దొరికిందో చెప్పలేదు. 'ఈ ప్రాంతం' అన్నాడు, అంతే. ఆయన కూడా ఒక్క అబద్ధమూ ఆడలేదు. బ్రహ్మానందం హెప్సిబాకు శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమ్మా అని మైకు ముందుకు జరిపాడు.

హెప్సిబా మైకు దగ్గరికి జరిగింది.

"ఈ ఇసుక ఇక్కడిది కాదండి. రేపల్లె అవతల దిబ్బపాలెంలో, గంగమ్మ గుడి కింద నేను తీసింది. ఈ గుడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. యుగాలనాటిదీ కాదు. అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకునే ఉప్పెన నిజంగా వచ్చింది..."

"ఉప్పెన నిజంగా వచ్చింది!" వెనక వరసల్లో ఎవరో అందుకున్నారు. చప్పట్లు లేచాయి. డప్పు మోగింది. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది, ఆ గుడిని మొన్నే పడగొట్టారని, తన సంతకంతోనే పడగొట్టారని. ముందు వరస విలేకరి ఒకడు తలెత్తి చూశాడు. బ్రహ్మానందం ఏమాత్రం తొందరపడకుండా మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"విన్నారుగా! చదువుకున్న ఆడపడుచు, అందునా వేరే మతం బిడ్డ, తన నోటితో చెప్పింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?"

హారతి మొదలైంది. ఆమె శాలువా కుర్చీ మీద పెట్టి దిగి వచ్చేస్తుంటే, ముసలావిడ ఒకామె ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

*

పొద్దున్నే సంజీవరావు పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. పేపర్లో హెప్సిబా ఫొటో, పైన పెద్ద అక్షరాలు: 'జలప్రళయం నిజమే'.

"చూశావా! నోవహు కాలపు నీళ్ళు ఈ నేల మీదికీ వచ్చాయన్నమాట. వాళ్ళ గుళ్ళోనే వాళ్ళ నోటితోనే చెప్పించాడు దేవుడు. చర్చి అయ్యగారికి అప్పుడే ఫోన్ చేశాను."

"నాన్నా, అది నోవహు కాలంది కాదు. సింగయ్య బాబాయి తాతకు తాత నాటిది. దిబ్బపాలెం ఇసుక అది. మునేశ్వరుడిదీ కాదు, మనదీ కాదు."

ఆయన పేపరు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. లెక్కల మేష్టారు ఆయన, అర్థం కాక కాదు. పేపరు జాగ్రత్తగా మడిచి, బొమ్మ పైకి కనబడేలా స్టూలు మీద పెట్టాడు.

"రేపు కూటంలో చూపిస్తానని చెప్పేశానమ్మా," అన్నాడు చిన్నగా. "రేపటిదాకా ఎవరితోనూ అనకు."

హెప్సిబా బ్యాగు తీసుకుని స్టేషనుకు నడిచింది.

కేంద్రానికి వెళ్ళి టేబులు ఖాళీ చేసుకుంటుంటే, గేటు దగ్గర ఎవరో అడుగుతున్నారని చెప్పారు. సింగయ్య, వెంకటసుబ్బులు. పొద్దున రేపల్లె బండికే దిగినట్టున్నారు. సింగయ్య ఎటో చూస్తున్నాడు. మాట్లాడింది వెంకటసుబ్బులే.

"పేపర్లో నీ బొమ్మా సీసా చూసి పిల్లలు చెప్పారు తల్లీ. మా దిబ్బ ఇసుక ఇక్కడ గుళ్ళో ఉందంట గదా. దిబ్బ లేదిప్పుడు. అమ్మను చెరువు గట్టున నిలబెడుతున్నాం. కింద ఒక గుప్పెడు అదే ఇసుక పోద్దామని. అడిగిపెడతావా?"

కాలవ గట్టు దాకా ముగ్గురూ నడిచారు. వాళ్ళను గేటు బయట నిలబెట్టి హెప్సిబా లోపలికి వెళ్ళింది. బ్రహ్మానందం ఆఫీసు గదిలో ఉన్నాడు. నిన్నటి సంగతి ఏమీ జరగనట్టే కుర్చీ చూపించాడు. విన్నాడు. విచారంగా తల అడ్డంగా ఊపాడు.

"నిన్నటిదాకా అయితే ఇసుకమ్మా, తీసుకుపొమ్మందును. ఇప్పుడు పూజ జరిగింది. దాన్ని కదిలిస్తే జనం ఊరుకోరు." ఆగి, మర్యాదగా అన్నాడు, "దర్శనం చేసుకోమనండి. వాళ్ళను స్పెషల్ లైన్లో పంపించమంటాను."

బయటికి వచ్చి హెప్సిబా ఆ మాట అలాగే చెప్పింది. దాన్ని మెత్తగా చేసి చెప్పడం ఆమెకు చేతకాలేదు. సింగయ్య కాండ్రించి కాలవలో ఉమ్మాడు. "పదవే, పోదాం," అన్నాడు.

వెంకటసుబ్బులు కదల్లేదు. గేటులోంచి కనబడుతున్న లైను వైపు చూస్తోంది. అరటిపళ్ళూ కొబ్బరికాయలూ పట్టుకున్న ఆడవాళ్ళు. చివరికి చెప్పులు విడిచింది.

"ఇంత దూరం వచ్చాం గదా. చూసెళ్దాం."

స్పెషల్ లైను కాకుండా మామూలు లైన్లోనే చివర నిలబడింది. కాసేపటికి సింగయ్య కూడా వెళ్ళి ఆమె వెనక చేరాడు. హెప్సిబా తనకు చోటు కాని చోట, స్తంభం పక్కన నిలబడింది. లైను కదిలింది. పీట దగ్గర కుర్రపూజారి ఒక్కొక్కళ్ళనూ త్వరగా జరగమంటున్నాడు. వెంకటసుబ్బులు వంతు వచ్చేసరికి, ఆమె దండం పెట్టలేదు. అరచెయ్యి గాజుకు ఆనించి, లోపలి గవ్వముక్కల వైపు కళ్ళు చిట్లించి చూస్తూ అలా ఉండిపోయింది.

"ముట్టుకోకూడదమ్మా. ఏ ఊరు మీది?"

"దిబ్బపాలెం."

"ఎక్కడది?"

"సముద్రం ఒడ్డునండి. రేపల్లె అవతల."

పూజారి మొహం విప్పారింది. వెనక లైనుకంతా వినబడేలా గొంతు పెంచాడు. "చూశారా అమ్మా! స్వామి మహిమ తెలిసి, సముద్రం ఒడ్డు నుంచి కూడా వస్తున్నారు!"

లైన్లోవాళ్ళు తలలు తిప్పి ఆ ఇద్దరినీ భక్తిగా చూశారు. వెంకటసుబ్బులు చెయ్యి గాజు మీంచి తీసి, తీర్థం పుచ్చుకుని, తడి చేతిని తలకు రాసుకుని పక్కకు జరిగింది.